పదహారో నంబర్ జట్టు ఎలా గెలుస్తుంది?



అమెరికాలో ప్రతి మార్చిలో కాలేజీల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదలవుతుంది. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. జట్లను నాలుగు గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపులో బలాన్ని బట్టి 1 నుంచి 16 దాకా నంబర్లు ఇస్తారు. దాన్నే సీడ్ అంటారు. మొదటి రౌండ్లో 1వ సీడ్‌కి ఎదురు 16వ సీడ్. 1985లో ఈ పద్ధతి వచ్చినప్పటి నుంచి పురుషుల పోటీల్లో 16వ సీడ్ వాళ్లు వరుసగా 135 మ్యాచ్‌లు ఓడిపోయారు. 2018లో యూఎంబీసీ అనే జట్టు వర్జీనియాని 74-54తో ఓడించింది. 2023లో ఫెయిర్లీ డికిన్సన్ అనే చిన్న యూనివర్సిటీ పర్డ్యూని 63-58తో ఓడించింది.

ఇలాంటివి చూసి మనవాళ్లు "పట్టుదల ఉంటే చాలు" అని రాస్తుంటారు. మరి ఆ ఓడిన 135 జట్లకు పట్టుదల లేదా? నాకు అర్థమైన కారణాలు మూడు.

మొదటిది, ఒక్క మ్యాచే కావడం. హాస్టల్లో క్యారమ్స్ బాగా ఆడేవాడితో ఒక్క బోర్డు ఆడితే ఎవరైనా గెలవొచ్చు. ఇరవై బోర్డులు ఆడితే గెలిచేది వాడే. అక్కడ ఉన్నది 40 నిమిషాలు. దూరం నుంచి వేసే షాట్‌కి 3 పాయింట్లు. ఆ రోజు యూఎంబీసీకి అలాంటివి 24లో 12 పడ్డాయి, వర్జీనియాకి 22లో 4. పైగా వర్జీనియా నెమ్మదిగా ఆడే జట్టు. ఆట నెమ్మదిస్తే ఇద్దరికీ అవకాశాలు తగ్గుతాయి, బలమైనవాడు తేరుకునే టైం కూడా తగ్గుతుంది.

రెండోది, ఎదుటివాడి ఆట ఆడకపోవడం. పర్డ్యూలో జాక్ ఈడీ ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. డికిన్సన్‌ది ఆ డివిజన్ మొత్తంలోనే అందరికంటే పొట్టి జట్టు. వాళ్లు ఎత్తుతో పోటీ పడలేదు. ఈడీకి బంతి అందకుండా ముందూ వెనకా కాపు కాశారు, కోర్టంతా పరుగెత్తించారు. అయినా ఈడీ 21 పాయింట్లు కొట్టాడు. మిగతావాళ్లకే దూరం షాట్లు పడలేదు.

మూడోది ఎవరూ చెప్పరు. అదే తలుపు. చిన్న లీగుల్లో విజేతకు కూడా ఈ టోర్నమెంట్‌లో నేరుగా సీటు ఇవ్వాలని రూల్ ఉంది. యూఎంబీసీ అలాగే వచ్చింది. డికిన్సన్ అయితే తన లీగు ఫైనల్ ఓడిపోయింది కూడా. గెలిచిన మెరిమాక్‌కి ఇంకా అర్హత రాకపోవడంతో ఆ సీటు వీళ్లకు దక్కింది. కేవలం బలం చూసి జట్లను ఏరితే ఈ రెండూ గేటు దగ్గరే ఆగిపోయేవి.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. "కోటాలో వచ్చావు కదా" అనే మాట క్లాసులో వింటూనే ఉంటా. రూల్ డికిన్సన్‌కి సీటే ఇచ్చింది, ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఆ 63 పాయింట్లు వాళ్లు కొట్టుకున్నవే. మన సీటూ అంతే. పరీక్ష పేపర్ అందరికీ ఒకటే.

ఇంకో మాట కూడా జాగ్రత్తగా వినాలి. మన గూడెం నుంచి ఒకడు పెద్ద ఉద్యోగం కొడితే "వాడికి సాధ్యమైంది, మీకేం రోగం" అంటారు. 2025 దాకా 1, 16 సీడ్ల మధ్య 160 మ్యాచ్‌లు జరిగితే 16వ సీడ్ గెలిచింది రెండే. ఆ రెండింటినీ చూపించి మైదానం అందరికీ సమానంగానే ఉందంటే నమ్మొద్దు. డబ్బు, కోచింగ్, మంచి కోర్టులు పెద్ద కాలేజీల దగ్గరే ఉన్నాయి. మన దగ్గర టీచర్ లేని బడులున్నట్టే.

అయినా నాకు బాగా నచ్చింది ఒకటుంది. 135 సార్లు ఓడినా చిన్న లీగుల తలుపు ఎవరూ మూసేయలేదు. 136వ సారి యూఎంబీసీ లోపలికి వెళ్లి గెలిచింది. మన తర్వాత వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ తలుపు తెరిచి ఉండేలా చూసుకోవడం మన పని.