ఈసారి విశాఖలో మేం చూసింది వేరు

విశాఖపట్నం వెళితే మీరేం చూస్తారు? సింహాచలం అప్పన్న దర్శనం, రామకృష్ణా బీచి, కైలాసగిరి... అంతేగా! అనకాపల్లి నుంచి మేం ఎన్నిసార్లు వెళ్ళినా అంతే. ఈసారి మాత్రం అమ్మాయిని వెంటబెట్టుకుని కాలేజీ చూడ్డానికి వెళ్ళాను.

ఇంటరయింది, ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది. ఇక కాలేజీల పేర్లు ఇష్టమైన వరుసలో ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఇంటికి దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్స్ మొదట పెట్టమని మావారు. ఆంధ్రా యూనివర్సిటీలో మెటలర్జీ కావాలని పిల్ల. అంటే లోహాల చదువు. "ఆడపిల్లకి ఇనుము గొడవెందుకే?" అని నేనూ అన్నాను.

బస్సు కూర్మన్నపాలెం చేరింది. "అమ్మా, స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే మూడు కొలుముల పేర్లు తెలుసా? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ!" అంది. నాకు నవ్వొచ్చింది. అంతంత కొలుములకే ఆడపేర్లు పెట్టాక ఇంకేమంటాను? 1933లో ఓడరేవు తెరిచిన ఊరు, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన ఊరు. ఆ చదువు ఇక్కడ కాక ఇంకెక్కడ చదువుతారు?

మద్దిలపాలెంలో దిగి ఆటో ఎక్కాం. 1926లో బెజవాడలో పుట్టి, తర్వాత వాల్తేరుకి వచ్చిన యూనివర్సిటీ ఇది. చెట్ల నీడన కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. పక్కన కూర్చున్న మూడో ఏడాది అమ్మాయికీ కాస్త పెట్టాను. హాస్టల్లో నీళ్ళెలా ఉంటాయి, ల్యాబు అయ్యాక సాయంత్రం ఎలా వస్తారు, అన్నీ అడిగాను. విసుక్కోకుండా చెప్పింది.

"మా ర్యాంకుకి ఇక్కడ రాదేమోనమ్మా, అందుకే కిందకి పెడదామని" అన్నాను.

"అలా చెయ్యకండి ఆంటీ" అంది. ర్యాంకు, రిజర్వేషను చూసి, మనం రాసిన జాబితా పైనుంచి వెతుక్కుంటూ వస్తారట. మొదట దొరికిన సీటే మనది. పైది రాకపోతే కిందది చూస్తారు. అందుకని పెద్ద ఆశ పైన పెట్టుకున్నా నష్టం లేదు. కానీ పైది వచ్చాక కిందది కావాలంటే ఇవ్వరు. చేరడం ఇష్టంలేని కాలేజీ పేరు అసలు రాయొద్దు, అదే రావొచ్చు! గడువు దాటాక దిద్దుకోవడానికీ ఉండదు.

నేను ఇంటరు పాసైనప్పుడు నువ్వేం చదువుతావని నన్నెవరూ అడగలేదు. పెళ్ళిచూపులకి చీర మాత్రం ఏ రంగు కావాలని అడిగారు. తిరుగు బస్సులో అదే గుర్తొచ్చింది.

రాత్రి అన్నాలయ్యాక మావారికి అన్నీ చెప్పాను. కాసేపు పేపరు తిరగేసి, "సరే, మొదటి పేరు దానిది. రెండోది నాది" అన్నారు. పిల్ల మొహం చూడాలి!

సీటు ఏది వస్తుందో దేవుడికెరుక. మీ ఇంట్లోనూ ఇంటరు పూర్తయిన పిల్లలుంటే, పేర్లు పెట్టేలోగా ఒక్కరోజు వాళ్ళతో వెళ్ళి ఆ కాలేజీ చూసి రండి. దారిలో మీరు తక్కువ మాట్లాడండి, వాళ్ళని మాట్లాడనివ్వండి. బీచి ఎక్కడికీ పోదు, సీటు వచ్చాక చూడొచ్చు!