దూది ఒక ఊరిది, మగ్గం ఒక ఊరిది

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే మనిషి ముందుగా ధర మాట్లాడడు. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగునుంచి పిడికెడు తీస్తాడు. పైన ఎండినట్టు కనిపించినా కింద తడి ఉంటుందని ఆయన అనుమానం, చాలాసార్లు నిజం కూడా. ఆ దూదిని రెండు బొటనవేళ్ల మధ్య సాగదీసి తెంచుతాడు, తెగిన పోచల్ని ఒకదాని మీద ఒకటి పరిచి పింజ పొడవు చూస్తాడు. గింజను పంటి కింద నొక్కుతాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే చెమ్మ ఉన్నట్టు. అరనిమిషం పని. ఇప్పుడు తేమ కొలిచే మీటర్లొచ్చాయి, టెండర్లు కంప్యూటర్లోకి ఎక్కాయి. చెయ్యి దూర్చే అలవాటు మాత్రం పోలేదు. పక్కన నిలబడ్డ రైతు ఆ చేతినే చూస్తుంటాడు.

దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా ఈ ఊరికి దూదే ఊపిరి. ఆలూరు, హొళగుంద, కోసిగి, కౌతాళం వైపు నల్లరేగళ్ల నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో, లారీల్లో పత్తి వస్తుంది. జిన్నింగ్ ఫ్యాక్టరీల్లో గింజ వేరవుతుంది, దూది 170 కిలోల బేళ్లుగా బిగుసుకుంటుంది, గింజ నూనెకూ చెక్కకూ పోతుంది. ఆ చెక్క తినే బర్రెలు పల్లెల్లో ఉన్నాయి. ఆదోనిని ‘రెండో బొంబాయి’ అని పిలుచుకోవడం ఇక్కడివాళ్లకు ముచ్చట. అది ఉత్త గొప్పలు కాదు. 1871లో మద్రాసు వైపు నుంచి వచ్చిన రైలుపట్టాలు రాయచూరు దగ్గర బొంబాయి పట్టాలతో కలిశాయి. ఆ దారి మీదే ఉన్న ఆదోని నుంచి దూది నేరుగా బొంబాయి రేవుకు పోయింది. మద్రాసు రాజధాని పత్తి వర్తకంలో ఈ వైపు సరుకుకు ‘వెస్టర్న్స్’ అని, నంద్యాల వైపు సరుకుకు ‘నార్తర్న్స్’ అని బజారు పేర్లుండేవి. కర్నూలు జిల్లా చీలి నంద్యాల వేరుపడింది 2022లోనే గాని, పత్తి వ్యాపారులు ఆ గీత ఎప్పుడో గీసి పెట్టారు.

ఆదోని కొండ మీది కోటకు విజయనగర రాజులు, ఆదిల్‌షాహీలు, మొగలులు, నిజాం తమ్ముడు బసాలత్ జంగ్, టిప్పు వరుసగా వచ్చిపోయారు. ఆదిల్‌షాహీల అధికారి సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ నిండుగా ఉంది. 1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన మీదట ఆదోని బళ్లారి జిల్లాలో చేరింది, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టేదాకా అక్కడే ఉంది. అందుకే ఇక్కడ బజారులో తెలుగులో మొదలైన బేరం కన్నడంలో తెగుతుంది, మధ్యలో ఉర్దూ తొంగిచూస్తుంది. ఎవరూ దాన్ని వింతగా చూడరు.

1911 నాటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం ఆదోనికి కేటాయించిన నాలుగు ముక్కల్లో మొదట చెప్పింది తివాచీల గురించి. తివాచీలు, పట్టు, నూలు బట్టలు తయారయ్యే ఊరనీ, దూది తీసే ఫ్యాక్టరీలు కొన్ని ఉన్నాయనీ, 1901 లెక్కల్లో జనం 30,416 అనీ రాసింది. నేత ముందు, జిన్నింగ్ తరవాత. ఇవాళ ఎవరైనా రాస్తే ఆ వరుస తిరగబడుతుంది, తివాచీ ఊసే ఉండదు. పత్తి పెరిగినకొద్దీ నేత తగ్గిన ఊరు ఇది.

మగ్గం ఎక్కడికి పోయిందంటే, ఎక్కడికీ పోలేదు. సుమారు 30 కిలోమీటర్ల అవతల ఎమ్మిగనూరులో ఉంది. కాకపోతే ఆదోని దూది ఎమ్మిగనూరు మగ్గానికి తిన్నగా వెళ్లదు. బేళ్లు దూరాన ఉన్న స్పిన్నింగ్ మిల్లులకు పోతాయి, నూలై తిరిగి రావాలి. చేనేతకు కావాల్సింది చిలపల నూలు. పవర్‌లూమ్‌కు వాడే కోన్ల నూలు ఇక్కడ పనికిరాదు. అందుకే మిల్లులు బజారుకు పంపే నూలులో కొంత వంతు చిలపలుగా కట్టి తీరాలని ప్రభుత్వం నియమం పెట్టింది. ఒకప్పుడు అది సగం, తరవాత 40 శాతం, 2019 నుంచి 30 శాతం. ఆ వంతు తగ్గినప్పుడల్లా ఢిల్లీలో అదొక చిన్న సవరణే. ఇక్కడ మాత్రం నూలు కోసం ఎదురుచూపు మరికాస్త పెరుగుతుంది. పక్క పొలాల్లోనే పండిన దూది వందల మైళ్లు తిరిగి దారమై వచ్చేసరికి దాని మీద ఎన్ని చేతుల లాభం ఉంటుందో నేతగాడికి తెలుసు. తెలిసి చేయగలిగిందేమీ లేదు.

ఎమ్మిగనూరు వీధుల్లో పొద్దున్నే వెళ్లాలి. కుర్నివారు, పద్మశాలీలు, తొగటలు, దేవాంగులు ఉండే వాడల్లో ఇంటి ముందు గదిలోనే గుంట మగ్గం ఉంటుంది. నేలలో నడుము లోతు గుంట, దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వదిలితే తొక్కుడు చెక్కలు అందుతాయి. కుడిచేత్తో తాడు లాగితే నాడె ఆ కొసనుంచి ఈ కొసకు పరుగెడుతుంది, ఎడమచెయ్యి పన్నెను దగ్గరకు లాగి పేకను కొడుతుంది. చూసేవాళ్లకు అదే నేత. నిజానికి అది చివరి పని. అంతకు ముందు పడుగు తోడాలి, గంజి పెట్టాలి, కుంచెతో దువ్వాలి. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగులోని వేల పోగుల్ని ఒక్కొక్కటిగా పాత పోగు కొసకు అతకాలి. వేళ్లకు బూడిద రాసుకుని రెండు పోగుల్ని కలిపి ఒక్క మెలి తిప్పుతారు, అంతే, ముడి ఉండదు. ఆ మెలి పన్నెలోంచి తెగకుండా జారిపోవాలి. చేతివాటం ఉన్నవాళ్లు మాటలు చెబుతూనే ఈ పని చేసేస్తారు.

ఆ పక్కనే గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి రాట్నం తిప్పుతూ కండెలు చుడుతుంటుంది. మగ్గం మీద మగవాడు ఆగకుండా నేయాలంటే ఆ రాట్నం ఆగకూడదు. కూలి మాత్రం చీర లెక్కన కడతారు కాబట్టి ఆమెకు విడిగా ఏమీ రాదు. 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35.22 లక్షల మంది పనివాళ్లు తేలితే అందులో 72 శాతం ఆడవాళ్లే. లెక్కల్లోకైనా ఎక్కారు, మజూరీ చీటీలోకి ఇంకా ఎక్కలేదు.

వానాకాలం గుంట మగ్గానికి సెలవుల కాలం. గుంటలో నీళ్లూరతాయి, పడుగు చెమ్మపట్టి బిగుస్తుంది. వాన రాకపోతే మరో కష్టం. పంట లేని ఊళ్లో ముందుగా కొనడం మానేసేది బట్టే. 1876–78 నాటి ధాత కరువు అప్పటి బళ్లారి జిల్లాను ఊడ్చిపెట్టేసింది. నేతగాళ్లకు పొలం ఉండదు, అమ్ముకునే గొడ్డు ఉండదు. ఉన్నది మగ్గం, నూలు అప్పిచ్చిన షావుకారి. నూలు ధరా ఆయనదే, బట్ట ధరా ఆయనదే.

1938లో మాచాని సోమప్ప (తరవాత పద్మశ్రీ) ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టింది సరిగ్గా ఈ ఇరుకులోనే. మద్రాసు రాజధాని స్థాయిలో చేనేత సహకార సంఘం (నేటి కో-ఆప్టెక్స్) 1935లో పుట్టింది, అంటే గాలి అప్పటికే అటు వీస్తోంది. కానీ కాగితం మీద రిజిస్టరైన సంఘాలు చాలా, మగ్గాలు నడిపించినవి కొన్నే. సంఘం పని చెప్పుకుంటే సులువు. టోకున నూలు కొని సభ్యుడికి ఇస్తుంది, నేసిన బట్ట తీసుకుని మజూరీ ఇస్తుంది, అమ్ముకునే తంటాలు తాను పడుతుంది. నూలు ధర పెరిగినా, బజారు పడిపోయినా ఆ దెబ్బ నేతగాడి కంచం దాకా రాదు. అప్పటిదాకా ఎండకీ వానకీ ఒంటరిగా నిలబడ్డ మనిషికి ఒక గొడుగు దొరికినట్టయింది. సంఘం పెరిగింది, నేతగాళ్లకు ఇళ్ల కాలనీ వచ్చింది. సోమప్ప పేరు ఇవాళ ఊరి కూడలికి ఉంది. ఎమ్మిగనూరులో ఎవరినైనా దారి అడగండి, సోమప్ప సర్కిల్ దగ్గరనుంచే మొదలుపెడతారు.

1976లో వచ్చిన జనతా వస్త్రాల పథకం ఇలాంటి సంఘాలన్నింటికీ చేతినిండా పని ఇచ్చింది. పేదలకు చవకగా అమ్మే ధోవతులు, చీరలు నేయడమే పని. మజూరీ తక్కువ, అయినా నెలనెలా వచ్చేది. అదే ఒక విధంగా చెడుపు కూడా చేసిందని నా అభిప్రాయం. ప్రభుత్వం కొంటుంది కదా అని రకం మార్చుకునే అలవాటు పోయింది. పథకం పోయాక చేతిలో ముతక నేత మిగిలింది, ఆ రకాన్ని పవర్‌లూమ్ అప్పటికే సగం ధరకు ఇస్తోంది. 1985 చట్టం కొన్ని రకాలను చేనేతకే అని కాగితం మీద కాపాడింది. బజారు ఆ కాగితాన్ని చదవలేదు. సంఘానికి చెందిన వీవర్స్ కాలనీ మైదానం పేరు ఈమధ్య పేపర్లో ఎక్కువగా కనబడేది పెద్ద నాయకుల బహిరంగ సభల వార్తల్లో.

నేత ఆగిపోలేదు, పట్టుకు మళ్లింది. ధర్మవరం రకాలు, గద్వాల రకాలు ఇక్కడి మగ్గాల మీదే తయారవుతాయి. గుడేకల్, నాగలదిన్నె లాంటి ఊళ్లలోనూ, తూర్పున కోడుమూరులోనూ ఇదే వరస. గద్వాల చీరంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ మగ్గం మీదే కలిపేది నేతగాడి నేర్పు. చీర గద్వాల పేరుతో హైదరాబాదులో అమ్ముడుపోతుంది, నేసిన ఊరి పేరు అట్టపెట్టె మీద ఉండదు. డిజైను, పట్టు, జరీ మాస్టర్ వీవర్ ఇస్తాడు, మజూరీ ఆయన చెప్పిందే. 1938కి ముందున్న షావుకారి వేషం మార్చి తిరిగొచ్చాడని పెద్దవాళ్లు అంటే కాదనడం కష్టం. పిల్లలు బెంగళూరు దారి పడుతున్నారు. పల్లెల్లో కూలిజనం పంట చేతికి రాని ఏడు మూటాముల్లె సర్దుకుని ‘సుగ్గి’కి గుంటూరు మిరపచేలకు పోతారు. మగ్గం మోసుకుని సుగ్గికి పోలేం కదా.

ఈ నేలలో నేత అంటే నూలూ పట్టూ మాత్రమే కాదు, ఉన్ని కూడా. కురువవాళ్ల కంబళి ఇంకా అక్కడక్కడ కనిపిస్తుంది. దక్కనీ నల్లగొర్రె బొచ్చు కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు వడికితే మగవాళ్లు నేస్తారు. ఉన్ని పడుగుకు బియ్యపు గంజి చాలదు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురు పూస్తారు. ఆ కంబళి వానలో తడిసినా లోపలికి నీరు దిగదు, చలికి కప్పుకుంటారు, ఎండకు నెత్తిన వేసుకుంటారు, పూజకు పరిచి దేవుణ్ణి కూర్చోబెడతారు. మాంసానికి గిరాకీ పెరిగాక మందల్లోకి నెల్లూరు గొర్రె వచ్చింది. అది బరువు తూగుతుంది, ఒంటి మీద ఉన్ని ఉండదు. కంబళి తగ్గిపోవడానికి నేతగాడి కన్నా గొర్రె మారడమే పెద్ద కారణం.

సరిగ్గా ఇలాంటి కథే అమెరికాలో నవహో తెగవాళ్లది. 1864లో సైన్యం వాళ్లను సొంత నేలనుంచి బోస్కె రెడోండోకు నడిపించుకుపోయింది. 1868 ఒడంబడికతో తిరిగి వచ్చినప్పుడు ప్రభుత్వం ఇస్తానన్న వాటిలో 15,000 గొర్రెలూ మేకలూ ఉన్నాయి. మళ్లీ 1930ల్లో అదే ప్రభుత్వం, నేల కోసుకుపోతోందని చెప్పి మందల్ని బలవంతంగా తగ్గించింది. పొడుగు ఉన్ని చర్రో గొర్రె దాదాపు కనుమరుగైంది. 1977లో లైల్ మెక్‌నీల్ అనే పశుశాస్త్రజ్ఞుడు మిగిలినవాటిని వెతికి పెంచడం మొదలుపెట్టాక మళ్లీ కాస్త నిలదొక్కుకుంది. అక్కడ మగ్గం నిలువుగా ఉంటుంది, నాడె విసరడం ఉండదు, నేసేది ఎక్కువగా ఆడవాళ్లు. నేత నేర్పింది సాలీడు అమ్మ అని వాళ్ల నమ్మకం, మన పద్మశాలీలు తామర తూడు పోగులతో నేసిన భావనారుషి గురించి చెప్పుకున్నట్టే. షావుకారి గోల అక్కడా ఉంది. గనాడోలో హబ్బెల్ లాంటి వర్తకులు ఏ రంగు అమ్ముడవుతుందో చెప్పి నేయించేవారు. కంబళిని తూకం వేసి కొన్న రోజులూ ఉన్నాయి. నేసినవాళ్లే కొనేవాళ్ల ఎదుట కూర్చుని వేలం పాడించుకునే ఏర్పాటు క్రౌన్‌పాయింట్ అనే ఊళ్లో 1968లో వచ్చింది. అంటే సోమప్ప సంఘానికి 30 ఏళ్ల తరవాత.

ఒక తేడా మాత్రం పెద్దది. నవహో కంబళి కొనేవాడు నేసినామె పేరు అడుగుతాడు, ఆ పేరుకు డబ్బిస్తాడు. మన కొనుగోలుదారు ఊరి పేరు దాకానే వస్తాడు, అదీ చాలాసార్లు వేరే ఊరి పేరు.

దూదీ ఉన్నీ ఒకేచోట కనబడాలంటే విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టుకు వెళ్లాలి. మాళమల్లేశ్వరుడి ఉత్సవంలో చుట్టుపక్కల ఊళ్ల జనం కర్రలతో తలపడే బన్ని గురించి పేపర్లు ఏటా రాస్తాయి. తలలు పగిలిన లెక్కతో మొదలయ్యే ఆ వార్తల్లో చివరి పేరా నాకు ఇష్టం. నల్ల కంబళ్లు వేసుకున్న గొరవయ్యలనే భక్తులు తిరిగే ఆ కొండ మీద, తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర పూజారి కార్ణికం చెబుతాడు. వానలు ఏ దిక్కున పడతాయో చెబుతాడు, ఆ వెంటనే ఈ ఏడు పత్తి ఎంత పలుకుతుందో, జొన్న ఎంత పలుకుతుందో రూపాయల్లో చెబుతాడు. చీర మజూరీ గురించి మాత్రం దేవుడు ఇంతవరకు నోరు విప్పలేదు.

చూడటానికి వెళ్లాలనుకుంటే జనవరి మంచిది. పుష్య పౌర్ణమి ముందువెనకల ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుడి రథం, దాంతోపాటు ఎద్దుల సంత జరుగుతాయి. నేతవాళ్లు ఆయన్ని తమవాడిగానే కొలుస్తారు కాబట్టి ఆ రోజుల్లో మగ్గాలు ఆగి ఉంటాయి. నేత చూడాలంటే జాతర అయ్యాక ఉండాలి. అప్పటికి ఆదోని యార్డు కూడా ఇంకా నిండుగానే ఉంటుంది. ఆదోనిలో ఆగే బొంబాయి–మద్రాసు రైలు ఎక్కి అక్కడ దిగొచ్చు. ఎమ్మిగనూరుకు రైలు లేదు, అక్కడినుంచి బస్సే. మంత్రాలయం–కర్నూలు రైలుమార్గం వస్తే ఆ లోటు తీరుతుందని ప్రతి ఎన్నికలకూ వింటూనే ఉన్నారు.