పరిష్కరించినవి ఎన్ని

డాక్టరేట్ వచ్చాక కూడా గంటల లెక్కన పాఠాలు చెప్పే గెస్ట్ ఫ్యాకల్టీకి వేసవి సెలవులంటే జీతం లేని రోజులు. ఆ రోజుల్లో నేను మాదాపూర్‌లో ఒక కంపెనీకి సాంకేతిక పత్రాల భాష దిద్ది పెడుతుంటాను. నెట్‌వర్క్ స్విచ్‌లనీ రౌటర్లనీ నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాంతోపాటు రిలీజ్ నోట్స్ వస్తాయి. పాత వెర్షన్‌లో ఉండి ఇప్పుడు సరిచేసిన లోపాల జాబితా అందులో ఉంటుంది. స్త్రీల ఆత్మకథల మీద పిహెచ్.డి. చేసినదానికి ఇదేం పనే అని అమ్మ అడుగుతుంది. కరెంటు బిల్లు కట్టే పని అంటాను.

నిజం చెప్పాలంటే ఆ నోట్స్ నాకు నచ్చుతాయి. సిస్కో కంపెనీ తన ఐఓఎస్ నోట్స్‌లో లోపాన్ని లోపమనదు, కేవియట్ అంటుంది. మన కోర్టుల్లో కేవియట్ వేయడం అంటామే, ఆ మాటే. సరిచేసినవి రిజాల్వ్డ్ కేవియట్లు, ఇంకా సరికానివి ఓపెన్ కేవియట్లు. ఒక్కోదానికీ ఒక నంబరు. కింద లక్షణాలు, పరిస్థితులు, వర్కరౌండ్ అని మూడు ముక్కలు. అంటే ఏం జరుగుతోంది, ఏ అమరికలో జరుగుతోంది, సరిచేసేదాకా ఎలా నెట్టుకురావాలి. ‘వర్కరౌండ్ లేదు’ అని రాసినవి కూడా బోలెడు. ఎంత నిజాయితీ! ఇంటి బాధ చెప్పుకోవడానికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లతో ఎవరైనా ఆ మాట అన్నారా? ఏదో ఒక ఉపాయం ఉందనే కదా తిరిగి పంపించేది.

భాష విషయానికొస్తే అక్కడా కర్త మాయమే. రౌటర్ కుప్పకూలుతుంది అని రాయరు, ‘అనుకోకుండా రీలోడ్ కావచ్చు’ అంటారు. కానీ ఒక తేడా ఉంది. ‘పరిస్థితులు’ కింద రాసేదంతా యంత్రం అమరిక గురించే. లోపం చూసి చెప్పిన మనిషి అంత రాత్రప్పుడు అక్కడెందుకుందని ఎవరూ అడగరు.

చదివీ చదివీ పాతవి కూడా తవ్వడం మొదలుపెట్టాను. 2003 జూలైలో సిస్కో బయటపెట్టిన ఒక లోపం నన్ను వదల్లేదు. రౌటర్ పని, వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ ఎటు పంపాలో తేల్చి పంపడం. ప్రతి ద్వారం దగ్గరా, లోపలికొచ్చినవి కాసేపు ఆగే వరస ఉంటుంది. మామూలుగా అందులో 75 పడతాయి. 53, 55, 77, 103 అనే ప్రోటోకాల్ నంబర్లతో, మామూలు రాకపోకల్లో అరుదుగా కనిపించే ప్యాకెట్లు కొన్ని రౌటర్ చేతికి వస్తే అవి ఆ వరసలో ఇరుక్కునేవి. వరస నిండిపోయిందని సాఫ్ట్‌వేర్ లెక్కగట్టేది. ఇక ఆ ద్వారం నుంచి ఏదీ లోపలికి రాదు. అయినా యంత్రం కూలదు, తనంతట తాను రీలోడ్ కాదు, అలారం మోగదు. కొంతసేపటికి పక్క రౌటర్లకి ఈ రౌటర్ ఉన్నట్టే తెలియదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ వేసుకునేదాకా అలాంటి ప్యాకెట్లని బయటే ఆపే నియమం పెట్టుకోమన్నారు. అప్పటికే నిండిపోతే వరస పొడవు పెంచి కాస్త సమయం సంపాదించుకోవచ్చు. ఓపిక పెంచుకోమనడం మనకి కొత్తేమీ కాదు.

ఆ సిస్కోని 1984లో స్థాపించిన ఇద్దరిలో ఒకరు శాండీ లెర్నర్ అనే స్త్రీ. 1990లో ఆమెని కంపెనీ నుంచి తొలగించారు. తర్వాత ఆమె ఇంగ్లండులో జేన్ ఆస్టెన్ అన్నగారి ఇంటిని తీసుకుని, పాత రచయిత్రుల పుస్తకాలకి లైబ్రరీ చేసింది. అది తెరిచింది కూడా 2003లోనే. ఆమె గురించి వేరే వ్యాసం రాయాలి.

నన్ను వదలనిది ఆ అలారం మోగకపోవడం. నా జూనియర్ ఒకమ్మాయి, పేరు అనవసరం, రెండేళ్ళపాటు గైడ్ గదికి తోడు లేకుండా వెళ్ళలేదు. చాప్టర్లు మెయిల్లో పంపేది, సాయంత్రం నాలుగు తర్వాత డిపార్ట్‌మెంట్‌లో ఉండేది కాదు. అవన్నీ మేము సీనియర్లం నేర్పినవే, మాకు మా సీనియర్లు నేర్పారు. ఆఖరికి కమిటీకి రాసింది. మళ్ళీ ఎప్పుడైనా అలా జరిగిందా, ఎవరైనా చూశారా అని అడిగారట. బగ్‌లకి కూడా ఆ హోదా ఒకటుంది, అన్‌రిప్రొడ్యూసిబుల్. అంటే లాబ్‌లో మళ్ళీ జరిపి చూపలేకపోయాం అని. అలా మూసేసినదాన్ని సరిచేసినవాటిలో కలపరు. ఇక్కడ కలిపారు. ఆమె గైడ్‌ని మార్చారు, దాంతో టాపిక్ మారింది, ఒక ఏడాది పోయింది. ఫైలు మీద ‘పరిష్కరించబడింది’.

“అక్కా, మార్చింది నన్నే కదా, ఏం పరిష్కారమైంది?” అంది.

2013 చట్టం ప్రకారం ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్ని పరిష్కరించారో వార్షిక నివేదికలో చెప్పాలి. నేను చూసిన నివేదికల్లో ఆ రెండు అంకెలే ఉన్నాయి. గోప్యత వల్ల అంతకంటే రాయకూడదంటారు. కానీ గోప్యత గురించి చెప్పే 16వ సెక్షన్‌లోనే, బాధితురాలి పేరూ వివరాలూ, సాక్షుల వివరాలూ బయటపెట్టకుండా ఆమెకి దొరికిన న్యాయం గురించి చెప్పవచ్చని ఉంది. రాయనివ్వంది చట్టం కాదు. అంకె రాసినంత తేలిక కాదు, ఏం సరిచేశామో రాయడం. ఏమీ సరిచేయకపోతే ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది మరి.

మొన్న మేమిద్దరం కూర్చుని ఆ ఫిర్యాదుకి ఒక కేవియట్ రాశాం, పేర్లు లేకుండా. లక్షణాలు రాయడానికి ఆమెకి గంట పట్టింది. పరిస్థితులు: తలుపు మూసిన గది, సంతకానికి ఒక్కరే అధికారి, గైడ్ మారితే టాపిక్ వదులుకోవాలన్న నిబంధన. వర్కరౌండ్ దగ్గర నేను ‘తోడుతో వెళ్ళడం’ అని రాయబోతే ఆమె పెన్ను లాక్కుని ‘లేదు’ అని రాసింది. ఓపెన్ జాబితాలో చేర్చమని కోరుతూ కమిటీకి ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకుని వచ్చాం.