మూడు జట్ల కుప్పం

చిత్తూరు జిల్లా పటం విప్పి చూస్తే, దక్షిణపు కొసన ఒక ముక్క తక్కిన రాష్ట్రానికి కొంచెం ఎడంగా జరిగి, కర్ణాటకకూ తమిళనాడుకూ నడుమ ఒదిగి కూర్చున్నట్టు కనిపిస్తుంది. అదే కుప్పం. పడమటి పొలిమేర దాటితే కోలారు జిల్లా. దక్షిణాన కృష్ణగిరి. తూర్పువైపు దిగితే తమిళనాడే. చెన్నై నుంచి బెంగళూరు పోయే రైలు జోలార్‌పేట దాటి మిట్ట ఎక్కివచ్చాక తగిలే తెలుగు ఊళ్ళలో ఇదే పెద్దది.

ఇక్కడ ఒకే మనిషి పాలవాడితో తెలుగులో బేరమాడి, బట్టలకొట్లో అరవం మాట్లాడి, బస్సు కండక్టరును కన్నడంలో చిల్లర అడగడం ఎవరికీ వింతగా తోచదు. నాలుగు ద్రావిడ భాషలకూ ఉమ్మడిగా ఒక విశ్వవిద్యాలయం నెలకొల్పదలచినప్పుడు, 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఊరినే ఎన్నుకొన్నదంటే, అది ఊరికే జరిగింది కాదు.

భాషల సంగతి సరే. మేమిప్పుడు చెప్పబోయేది క్రికెట్ సంగతి. ఏటేటా వేసవి మొదట్లో ఐ.పి.ఎల్. పోటీలు మొదలుకాగానే దేశంలో ప్రతి ఊరూ ఒక జట్టు పక్షం వహిస్తుంది. చాలా ఊళ్ళకు అందులో చిక్కేమీ లేదు. కుప్పానికే చిక్కు. బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిల్లర. చెన్నై రైలుమార్గాన రెండువందల యాభై. తెలుగుపేరు మోస్తున్న హైదరాబాదు జట్టు చూడాలంటే ఆరువందలు దాటి పోవాలి. రాజధానులు కాగితంమీద మారుతూ వుంటాయి గాని రైలుపట్టాలు మారవు గదా! అందుచేత ఈ ఊళ్ళో అభిమానం కూడా రైలెక్కే తిరుగుతుంది.

మూడు పక్షాలవారికీ మూడు వాదాలున్నాయి. మూడూ వినదగినవే.

చెన్నై పక్షంవారు చరిత్ర తీస్తారు. చేపాక్ మైదానంలో 1934లోనే టెస్టు ఆట జరిగింది. మన దేశం మొట్టమొదటి టెస్టు విజయం సాధించిందీ అక్కడే, 1952 ఫిబ్రవరిలో, ఇంగ్లండు మీద. ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. అంటే ఆ విజయంనాటికి కుప్పం మద్రాసు రాష్ట్రంలోని ఊరే. “మా తాతకాలంలో అది మన మైదానమే. ఇప్పుడు కాదంటే ఎట్లా?” అంటారు వారు. కాదనడానికి మనకు నోరు రాదు.

హైదరాబాదు పక్షంవారు భాష చూపిస్తారు. 2009లో డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టు 2012లో పోయి, దాని స్థానంలో సన్‌రైజర్స్ వచ్చి 2016లో మళ్ళీ గెలిచింది. ఇప్పుడు మన విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆడుతున్నదీ ఆ జట్టులోనే. 2024 డిసెంబరులో మెల్‌బోర్నులో అతడు టెస్టు సెంచరీ కొట్టినప్పుడు తెలుగునాట పొంగిపోని ఇల్లు లేదు.

బెంగళూరు పక్షంవారి వాదం అన్నిటికన్నా చిన్నది: పొద్దున పోయి రావచ్చు. పిల్లల చదువులు అక్కడ, ఉద్యోగాలు అక్కడ, పెద్ద ఆసుపత్రికి పోవాలన్నా అక్కడికే. ఇక ఆటకు మాత్రం వేరే ఊరా?

అయితే ఈ బెంగళూరు పక్షంవారు పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. 2009లో వారి జట్టు చివరి ఆటలో ఓడిపోయింది, హైదరాబాదు చేతిలో ఆరు పరుగుల తేడాతో. 2011లో మళ్ళీ చివరి ఆట, మళ్ళీ ఓటమి, చెన్నై చేతిలో. 2016లో స్వంత మైదానంలోనే చివరి ఆట. ఈసారి తప్పదనుకొన్నారు. ఎనిమిది పరుగులతో గెలిచింది హైదరాబాదు. ఓడించిన రెండు ఊళ్ళ అభిమానులూ వేరే రాష్ట్రాలలో వుంటే కొంత నయం. కుప్పంలో వారు పక్కింట్లోనే వుంటారు! తెల్లవారి లేస్తే వారి ముఖమే చూడాలి.

2025 ఏప్రిల్ 13, ఆదివారంనాడు మేము కుప్పంలో వున్నాము. పోటీలు మొదలై అప్పటికి మూడు వారాలు. ముందురాత్రి ఉప్పల్ మైదానంలో పంజాబు పెట్టిన 246 లక్ష్యాన్ని హైదరాబాదు తొమ్మిది బంతులు మిగిలి వుండగానే దాటింది. అభిషేక్ శర్మ ఒక్కడే 55 బంతులలో 141 కొట్టాడు. అంతకు ముందు వరుసగా నాలుగు ఆటలు ఓడి తలవంచుకొని తిరిగినవారు ఆ ఉదయం టిఫిను హోటలులో గొంతు పెంచారు.

“చూసినారా నా, రాత్రి మనోళ్ళ దెబ్బ?” అన్నాడు కాఫీ చల్లార్చుకొంటూ ఒక కుర్రవాడు.

“చూసినాం లేబ్బా. నాలుగు ఓడి ఒకటి గెలిస్తే ఊరంతా టముకేస్తా ఉండావే!” అన్నాడు ఎదుటి బల్లమీది పెద్దమనిషి. ఆయన చెన్నై పక్షమని ముఖమే చెప్పింది. ముఖం వాడి వుంది. వాడక ఏం చేస్తుంది? చెన్నై అప్పటికి వరుసగా అయిదు ఓడింది. రెండురోజుల క్రితమే చేపాక్‌లో, కెప్టెనుకు మోచేతి దెబ్బ తగలగా 43 ఏళ్ళ ధోనీ మళ్ళీ పగ్గాలు పట్టిన రోజున, జట్టు మొత్తం చేసింది 103 పరుగులు.

“మీ సంగతేం నా?” అని అందరూ మూడో మనిషివైపు తిరిగారు. ఆయన బెంగళూరు. ఆయన కథ మరీ తమాషా. వారి జట్టు అప్పటికి పరాయి ఊళ్ళలో మూడు ఆడి మూడూ గెలిచింది. అందులో ఒకటి చేపాక్‌లో, 2008 తరువాత మొదటిసారిగా. స్వంత ఊళ్ళో రెండు ఆడి రెండూ ఓడింది. అందులో ఒకదానిలో బెంగళూరును కూల్చింది మహమ్మద్ సిరాజ్. హైదరాబాదు పిల్లవాడు, ఏడేళ్ళు బెంగళూరు జట్టులో వుండి, ఆ ఏడే గుజరాత్‌కు మారి, వచ్చి మూడు వికెట్లు తీసి పోయాడు.

“మా ఇంటికి చుట్టాలొస్తే మేమే అన్నం పెట్టి పంపిస్తాం నా. అట్టుంటాది మా మర్యాద” అన్నాడాయన. హోటలంతా నవ్వింది. ఓడిపోయినవాడు నవ్వించగలిగితే సగం గెలిచినట్టే.

అక్కడే ఒక తల్లి కొడుకుతో వాదిస్తున్నది. కుర్రవాడు ఇంటరు పరీక్షలు రాసినవాడు. స్నేహితులతో బెంగళూరు పోయి ఆట చూసి వస్తానంటాడు. రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట ముగిసేసరికి పదకొండవుతుంది. రైలు దొరికితే రైలు, లేకపోతే నలుగురు కలిసి బాడుగ కారు. “వాళ్ళు గెలిస్తేనేమి, ఓడితేనేమి? నువ్వు తెల్లారేపాటికి ఇంటికి రావల్ల, అంతే” అన్నది ఆమె. ఆ మాటను అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఏడాది బెంగళూరు జట్టు పొరుగూళ్ళ ఆటలు ఏడింటికి ఏడూ గెలిచింది. జూన్ 3 రాత్రి అహమ్మదాబాదులో పంజాబును ఆరు పరుగులతో ఓడించి, పద్ధెనిమిదో ఏట మొదటిసారి కప్పు ఎత్తుకొన్నది. 2009లో ఏ ఆరు పరుగులతో పోయిందో ఆ ఆరు పరుగులతోనే వచ్చింది.

మరునాడు, జూన్ 4న, ఆ కప్పును చూడడానికి బెంగళూరులో చిన్నస్వామి మైదానం ముందు జనం విరగబడ్డారు. లోపల చోటు దాదాపు 35 వేలమందికి. వచ్చినవారు రెండు మూడు లక్షలని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రే చెప్పారు. ద్వారాల దగ్గర తొక్కిసలాటలో పదకొండుమంది చనిపోయారు. ఎక్కువమంది పడుచువయసువారే. పద్ధెనిమిదేళ్ళు ఎదురుచూసిన సంబరం ఒక్క పూట కూడా నిలవలేదు. జట్టు గెలిచిన రోజున ఇల్లు చేరని పిల్లలున్నారంటే, ఆ గెలుపును గురించి ఏ పక్షంవాడు మాత్రం నోరెత్తుతాడు?

ఆ తరువాత ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, ఆ మైదానం కట్టడం అంతంత జనసమూహాలకు తగినది కాదని తేల్చింది. జనం వరుసలలో నిలబడడానికి విడిగా చోటు, లోపలికీ వెలుపలికీ చాలినన్ని దారులు, రైళ్ళూ బస్సులూ అందే ఏర్పాటు, ఆపద వస్తే ఖాళీ చేయించే పద్ధతి వున్నచోటనే పెద్ద ఆటలు పెట్టాలన్నది. ఆ సంవత్సరం బెంగళూరులో జరగవలసిన మహిళల ప్రపంచకప్ ఆటలు నవీ ముంబయికి తరలిపోయాయి.

ఇక కొత్త మైదానాల చర్చ మొదలయింది. 2025 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం బొమ్మసంద్ర దగ్గర సూర్యనగర్‌లో 80 వేలమంది పట్టే స్టేడియం కట్టడానికి అంగీకారం తెలిపింది. కృష్ణగిరి, హోసూరు మీదుగా పోయే కుప్పంవారికి బొమ్మసంద్ర నగరం కంటె ముందే తగులుతుంది. ఆ నెలలోనే అక్కడిదాకా మెట్రోరైలు కూడా నడిచింది. మన వైపున అమరావతిలోనూ ఒక మహా స్టేడియం కట్టాలన్న మాట వినిపిస్తున్నది. 2020లో తెరిచిన అహమ్మదాబాదు స్టేడియంలో 1,32,000 మంది పడతారు గనుక, అంతకన్న పెద్దదో, దానికి దీటైనదో వుండాలని అందరికీ ముచ్చట.

ఇక్కడ ఒక్క విషయం ఆలోచించవలసి వున్నది. అమెరికాలో బేస్‌బాల్ ఆటకు మన క్రికెట్ వంటి పిచ్చి వున్నది. వసంతకాలంలో అక్కడ పోటీలు మొదలుకాగానే జట్ల సంగతీ, కొత్త మైదానాల సంగతీ తప్ప మరొక మాట వుండదు. వారు కొత్తగా కట్టినవి పెద్దవేమో అనుకొంటాము. కాదు. న్యూయార్కులో యాంకీల కొత్త స్టేడియం 2009లో తెరిచారు. పాతదానికంటె అందులో కుర్చీలు తక్కువ. అట్లాంటాలో 2017లోనూ, టెక్సాసులో 2020లోనూ తెరిచినవీ అంతే. బోస్టనులో 1912 నాటి మైదానాన్నే బాగుచేసుకొంటూ, 37 వేల పైచిలుకు చోట్లతో నేటికీ ఆడుతున్నారు. డబ్బు లేక కాదు గదా! వచ్చినవాడు సుఖంగా కూర్చుని, సులువుగా తిరిగి పోవడం కూడా ఆటలో భాగమని వారికి తెలిసింది.

మరి ఆంధ్రదేశానికి స్వంత జట్టేదని కుప్పం కుర్రవాళ్ళు అడుగుతారు. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు పొరుగు రాష్ట్రమయింది. విశాఖపట్నంలో మంచి మైదానమున్నది. 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టి పేరు తెచ్చుకొన్నది అక్కడే. కాని 2025 మార్చిలో అక్కడ స్వంత జట్టుగా దిగింది ఢిల్లీ. హైదరాబాదు వచ్చి ఢిల్లీచేత ఓడిపోయింది! మన పందిట్లో పొరుగువారి పెళ్ళి అన్నట్టు వుంది. పైగా కుప్పానికి విశాఖ హైదరాబాదు కంటె దూరం.

దగ్గరలో చూడదగినది అనంతపురం. అక్కడ ఆర్.డి.టి. సంస్థ మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ ఆటలు జరిగాయి. దేశంలోని పేరున్న ఆటగాళ్ళు వచ్చి ఆడారు. ఎండకు మాడే సీమలో అటువంటి పచ్చిక పెంచగలిగినప్పుడు, నీళ్ళు లేవు, నేల లేదు అన్న సాకులు చెల్లవు. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిచారు. ఆ పోటీలో 14 వికెట్లు తీసిన శ్రీచరణి కడప జిల్లా పల్లెటూరి పిల్ల. ఆమె దేశం తరపున మొదటి వన్డే ఆడింది కూడా, కుప్పం హోటలులో మేము విన్న ఆ వాదాల ఏప్రిల్ నెలలోనే.

కనుక కుప్పంలో జట్టు ఏదన్న తగవు ఎన్నటికీ తీరదు, తీరకపోవడమే మంచిది. మూడు భాషలు మాట్లాడే ఊరికి మూడు జట్లుంటే తప్పేమున్నది? మైదానాలు కట్టేవారిని మాత్రం ఒక్కటి అడగాలి. ఎన్ని వేల కుర్చీలన్న లెక్కతోపాటు, ఎన్ని ద్వారాలు, ఎంత వెడల్పు, ఆఖరి బంతి పడ్డాక రైలెన్నింటికి అన్న లెక్క కూడా చెప్పమనాలి. పొరుగూరినుంచి రైలెక్కి వచ్చే పిల్లవాడు మైదానానికి అతిథి. అతిథిని పిలిచినవారిదే, మళ్ళీ ఇంటికి పంపే పూచీ.

ఈ వేసవిలో మీరు చెన్నై బెంగళూరు మార్గాన పోతున్నట్లయితే, కుప్పంలో ఒక పూట ఆగండి. ఏ హోటలులోనైనా కాఫీ చెప్పి, “రాత్రి ఎవరు గెలిచారండీ?” అని అడిగి ఊరుకోండి. తక్కినదంతా వారే చూసుకొంటారు.