నాటకశాలల వీధిలో రాత్రి భోజనం

ఒసాకా నగరంలోని దోతోంబోరి వీధికి సాయంకాలం వెళ్ళినవారి దృష్టి ముందుగా తిండి మీద కాక దీపాల మీద పడుతుంది. కాలువ గట్టున చేతులెత్తి పరుగెత్తే క్రీడాకారుని ప్రకటన మొదట వెలసినది 1935లో; 2014లో వెలిగించినది దాని ఆరవ రూపం. కొంత దూరంలో ఒక భోజనశాల నెత్తిన పెద్ద ఎండ్రకాయ కాళ్ళాడిస్తూ కనబడుతుంది. ఈ ఆర్భాటాన్ని దాటితేగాని పొయ్యి దగ్గరకు చేరడం సాధ్యం కాదు.

తకోయాకి చేసే పెనం మన గుంతపొంగనాల పెనానికి తోబుట్టువు. గుంతల్లో గోధుమపిండి జారుగా పోసి, ఆక్టోపస్ ముక్క వేసి, పుల్లలతో తిప్పుతూ ఉండలు చేస్తారు. పైన చల్లిన ఎండుచేప పొరలు వేడికి మెలికలు తిరుగుతుంటే, తెలియనివారు వాటికి ప్రాణముందేమోనని ఉలిక్కిపడతారు. క్యోటో వారు బట్టలకు, ఒసాకా వారు తిండికి ఇల్లు గుల్ల చేసుకుంటారని జపానులో లోకోక్తి. ఒసాకా వాసులు దానిని నిందగా తీసుకున్నట్టు లేదు.

అయితే ఈ వీధికి తొలి ప్రతిష్ఠ తిండి వల్ల వచ్చినది కాదు. యసుయి దోతోన్ 1612లో ఈ కాలువ తవ్వకానికి పూనుకొన్నాడు. 1615లో ఒసాకా కోట ముట్టడిలో అతడు మరణించగా, బంధువులు ఆ ఏడే పని పూర్తిచేశారు. తరువాత దక్షిణపు గట్టున నాటకశాలలు వరుసకట్టాయి. తకెమోతో గిదాయూ 1684లో బొమ్మలాటకు రంగశాల నెలకొల్పినది ఇక్కడే. చికమత్సు మోంజాయెమోన్ రచించిన ‘సొనెజాకి షింజూ’ 1703లో తొలిసారి ప్రదర్శితమైనదీ అక్కడే. అందులో నాయకుడు రాజు కాదు, వీరుడు కాదు, ఒక దుకాణపు గుమాస్తా. ఆనాడు తిండి నాటకానికి పరిచారిక. టీశాలల వారు ప్రేక్షకులకు ఆసనాలు కుదిర్చి భోజనం అందించేవారు. ‘మకునౌచి’ అనే పెట్టెభోజనానికి ఆ పేరు అంకాల మధ్య విరామం నుంచే వచ్చింది.

1945 నాటి వైమానిక దాడులలో ఆ వైభవం చాలావరకు బూడిద అయింది. తిరిగి కట్టిన వాటిలో నకాజా 1999లో మూతపడింది. 2002లో దానిని కూలుస్తుండగా లేచిన మంటలు వెనుకనున్న హోజెంజి సందులోని భోజనశాలలను దహించాయి. నకాజా స్థలంలో లేచిన భవనం ముందు నేడు చారల దుస్తుల యంత్రపు బొమ్మ డోలు కొడుతుంటుంది. 2008లో మూతపడిన ఒక భోజనశాల ఆకర్షణ అది. దానిని చేసినది బున్‌రాకు బొమ్మల శిల్పి. ఆ కళకై 1984లో కట్టిన జాతీయ రంగశాల నడకదూరంలోనే ఉన్నా, అక్కడ ఇంత రద్దీ ఉండదు.

హోజెంజి సందు కథ పాలనాధికారులు ప్రత్యేకంగా గమనించదగినది. దాని వెడల్పు 2.7 మీటర్లు. కొత్తగా కట్టాలంటే దారికి 4 మీటర్లు ఉండాలన్నది నిబంధన. అలా విడిచిపెడితే అది సందుగా మిగలదు. అందుచేత చట్టంలోనే ఉన్న మరొక వెసులుబాటును ఆశ్రయించి, ఇరువైపుల భవనాలను ఒకే ఆవరణగా పరిగణించారు; అగ్నినిరోధక నిర్మాణం కోరి, పాత ఇరుకును నిలిపారు. నిబంధనను చదవడంలోనూ రసజ్ఞత ఉంటుంది కాబోలు.

ఆ సందు పక్కనే ఫుదో విగ్రహం ఉంది. వచ్చినవారంతా నీళ్ళు పోయగా పోయగా నాచు పట్టి, ముఖకవళికలు కనబడవు. ఫుదో అంటే కదలనివాడు, సంస్కృతంలో అచలుడు. భారతదేశపు బౌద్ధ తాంత్రిక సంప్రదాయం నుంచి చైనా మీదుగా ఇంత దూరం చేరిన దేవత ఆయన. భోజనానికి ముందో తరువాతో గరిటెడు నీళ్ళు పోసి, చేతులు జోడించి, జనం దీపాల వైపు నడుస్తారు.