ట్రాన్స్‌ఫార్మరు లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెరక నేలల్లో సేద్యానికి బోరుబావే పెద్ద దిక్కు. వరి పొట్టకొచ్చిన వేళ ట్రాన్స్‌ఫార్మరు కాలిందంటే ఇంటిపెద్దకు జబ్బు చేసినంత దిగులు.

మా చిన్నాయన ఓ మాటు నన్నడిగాడు: "ఇంత కరెంటు పుట్టించే డబ్బా, ఇంకో రెండు మోటార్లకు ఇయ్యలేదారా?"

అది పుట్టించేది కాదు సుమండీ, మార్చేది! నాగార్జునసాగర్‌లో పుట్టిన విద్యుత్తును 2,20,000 వోల్టులకు పెంచి సాగనంపుతారు. వోల్టేజి ఎన్ని రెట్లు పెరిగితే తీగలో ప్రవాహం అన్ని రెట్లు తగ్గుతుంది. ప్రవాహం సగమైతే, వేడిగా పోయే నష్టం నాలుగోవంతే. ఊరి పొలిమేరకు 11,000 వోల్టులతో వచ్చినదాన్ని మన ట్రాన్స్‌ఫార్మరు 433కు దించుతుంది. లోపల ఇనుప దిమ్మెకు రెండేసి తీగచుట్లు; ఒకదాన్నొకటి తాకవు. క్షణక్షణం మారే అయస్కాంత శక్తే వాటి మధ్య వారధి.

25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఒక్కో తీగన 1.3 ఆంపియర్లు పుచ్చుకుని 33 ఇస్తుంది. గుణించి చూడండి: అటూ ఇటూ సుమారు 14,300! వేడికింద పోయే కాస్త తప్ప, తేడా లేదు.

అయిదు గుర్రాల మోటారుకు సుమారు 7 ఆంపియర్లు కావాలి. నాలుగు మోటార్లయితే సరే, ఆరయితే 42! నూనె కాగుతుంది, చుట్ల మీది కాగితం మాడుతుంది. పైగా ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే లేస్తే, ఆ మొదటి ఊపుకు ఒక్కో మోటారు అయిదారు రెట్లు లాగుతుంది.

2018 జనవరి 1న తెలంగాణ సేద్యానికి 24 గంటల సరఫరా మొదలైంది. కాని గంటలు పెరిగినంత మాత్రాన ట్రాన్స్‌ఫార్మరు పెరగదు కదా! అందినంతే ఇచ్చే ఆ పెట్టె కింద నలుగురూ వంతులు పాటిస్తే పంట దక్కుతుంది. పోటీ పడితే ఎవరికీ చుక్క నీరుండదు.