బాతుల దడి

నర్సీపట్నములో మా పెరటికి దక్షిణమున గోడ లేదు. తక్కిన మూడు దిక్కులను ప్రహరీ కట్టించిన మా తండ్రిగారికి నాలుగవ దిక్కునకు వచ్చుసరికి ఇటుకలు చాలలేదో, ఓపిక చాలలేదో, లేక గోడ లేచినచో పొరుగువారితో మాట పడిపోవునని జంకిరో, ఇప్పుడు చెప్పగలవారు ఎవ్వరును లేరు. ఏండ్ల తరబడి ఆ ఖాళీ గుండా కూరగిన్నెలు, కబుర్లు, అప్పుడప్పుడు అరువు పంచదార నిరాటంకముగా రాకపోకలు సాగించినవి. ఆ సౌఖ్యమునకు ముప్పు వచ్చినది 2013లో, మా మనుమరాలు సంతనుండి ఆరు బాతుపిల్లలను గంపలో పెట్టించుకొని వచ్చిన నాడు.

రెండు నెలలు తిరుగకముందే అవి ఒక ఉదయమున ఒకదాని వెనుక ఒకటిగా, పెండ్లివారి వలె తొందర లేకుండ నడచి, పొరుగువారి తోటకూర మడిలో ప్రవేశించినవి. బాతు కోడివలె కాళ్లతో గీరదు; తడినేలలో ముక్కు గ్రుచ్చి, ఊపి, జల్లించి, మరల గ్రుచ్చును. గడియ సేపటిలో ఆ మడి వరినాటునకు దమ్ము చేసిన చేనివలె నైనది. పొరుగామె కోపపడలేదు. “అన్నయ్యగారూ, మీ బాతులకి తోటకూరంటే అంత ఇష్టమైతే విత్తులు నేనే ఇస్తాను, మీ పెరట్లోనే జల్లుకోండి” అని మాత్ర మన్నది. కోపపడినచో బాగుండెడిది.

తాపీమేస్త్రీని పిలిపించితిని. అతడు అడుగులతో కొలిచి, పునాదికింత, ఇటుకకింత, సిమెంటుకింత అని వ్రేళ్లు మడచి చెప్పిన మొత్తమును విన్న పిమ్మట, ఆ ఆరు బాతులను వాటి జీవితాంతము బాసుమతి అన్నముతో పోషించినను చవుకయే యని తోచినది. ఆ సాయంకాలమే తట్టలు, చేటలు అల్లు మేదరామె వద్దకు పోయి నా కష్టము చెప్పుకొంటిని. ఆమె వెదురుబద్దను చీల్చుట ఆపకుండనే నవ్వి, “బాతుకి గోడేటి బాబూ! ఎదర సూపానకపోతే సాలు, లోకం అక్కడికయిపోయిందనుకుంటాది” అన్నది.

ఆ మాటలోనే ఈ శాస్త్రమంతయు ఇమిడి యున్నదని నాకు తెలియుటకు ఏడాది పట్టినది. వరికోతలైన పిదప వేలకొలది బాతులను చేలవెంట మేపుకొనుచు ఊరూరు తిరుగు మందలవారు, రాత్రివేళ ఆ సైన్యమునంతటిని బట్టబయట రెండు మూడడుగుల వలదడి చుట్టి ఆపుదురు. మన పెరటిబాతులలో పెక్కు అడవిబాతు సంతతివే గాని, తరతరముల తిండివలన ఒడలు బరువెక్కి, రెక్క లుండియు ఎగురుట మరచినవి. ముక్కు చుట్టును ఎఱ్ఱని కండ గల మస్కోవీ జాతి వేరు. అది చెట్టుకొమ్మ నెక్కి కూర్చుండగలదు, దానికి ఒక ప్రక్క రెక్క యీకలు కత్తిరింపక తప్పదు. తక్కిన వానికి మోకాటి ఎత్తు దడి చాలును. దడి కాలికి కాదు, కంటికి అడ్డము.

అయినను చవుకతనములో ఇంకను చవుక వెదకుట మా వంశలక్షణము. అడవిపందులు రాకుండ చేల చుట్టు రైతులు కట్టు విధముగా మా ఇంటామె పాతచీరలను కట్టి చూచితిమి. గాలి వీచినప్పుడెల్ల అవి తెరచాపలై గుంజలను పెకలించినవి. పిమ్మట పూడిమడక వైపు చుట్టములు పంపిన పాత చేపలవల దొరికినది. ఇది చవుకయే గాని క్రూరమైనది. ఒక తెల్లవారుజామున ఒక బాతు మెడ వలకన్నులో దూరి, వెనుకకు లాగుకొనుకొలది ముడి బిగిసి, కన్నులు తేలవేసి పడియుండెను. దానిని ఒడిలో పెట్టుకొని, కుట్టుపని కత్తెరతో ఒక్కొక్క దారమును త్రెంచుచుండగా దాని గుండె నా అరచేతిలో చిన్న డోలువలె కొట్టుకొనుచుండెను. చివరిదారము తెగినవెంటనే అది కృతజ్ఞత లేశమైన చూపక నా పంచె తడిపి, నీళ్లతొట్టి వైపు పరుగెత్తినది. మరి రెండు వారములకు అదే వలలో జెర్రిపోతు చిక్కినది. ఆ ఉదయమంతయు కత్తెర పనియే. వల వేయదలచినవారు సన్నకన్నులది తెచ్చి, మద్దెలతోలు వలె బిగించి, అడుగంచును నేలలోనికి పూడ్చవలయును. వ్రేలాడు వల దడి కాదు, ఉచ్చు.

చివరకు మేదరామె తడకలే గతి యైనవి. ఎనిమిదేసి అడుగుల తడకలు అయిదు. వెదురు శాస్త్రరీత్యా గడ్డిజాతి మొక్క. దానిని 1927 నాటి అటవీచట్టము చెట్లలో లెక్కకట్టగా, అడవి వెలుపల పెరిగిన వెదురునకు ఆ సంకెల తప్పినది 2017 సవరణతోనే. నా బాతులు మాత్రము ఏ చట్టమునకును ఎదురుచూడక ఆ గడ్డిగోడకు మొదటినుండియు లోబడినవి. తొలుత నేను తడకలను చదరముగా నిలిపితిని. చదరములో మూలలుండును, బెదరిన బాతులు మూలకు చేరి ఒకదానిపై నొకటి ఎక్కి నలిగిపోవును. గుండ్రముగా వంచి నిలిపినచో మూలయే లేదు, పైగా చోటును పెరుగును: నలుబదడుగుల దడి చదరమైనచో నూరు చదరపుటడుగులను, వలయమైనచో నూట ఇరువదియేడింటిని చుట్టుకొనును. బడిలో ఈ లెక్క చేసినాడను గాని, దానివలన బాతులకు మేలు కలుగునని అప్పుడెవ్వరును చెప్పలేదు.

2014 ఎన్నికలు ముగిసిన పిదప వీధి మొగలో విరిగిపడిన ఫ్లెక్సీలనుగూడ తడకల కాళ్లకు చుట్టితిని. చూపానకుండుటకు అంతకన్న మేలైన వస్తువు లేదు. చేతులు జోడించి చిరునవ్వు నవ్వుచున్న నాయకుల నడుమ బాతులు నాలుగుదినములు నిశ్చింతగా నున్నవి. అయిదవనాటి ఎండకు లోపలిగాలి ఆవిరికుడుమువలె ఉడికి, అవి నోళ్లు తెరచి రొప్పసాగినవి. దడికి గాలి యాడవలయును.

ఇదంతయు పగటి సంగతి. కుక్కకు, ముంగిసకు, గండుపిల్లికి తడక ఒక వేళాకోళము. చీకటిపడక మునుపే బాతులను గట్టి తలుపుగల గూటిలో తోలవలయును. తలకు మూడు చదరపుటడుగులు చాలును. ఉదయము తొమ్మిదింటివరకు వదలరాదు, ఏలనన బాతు రాత్రి చివరిజాము మొదలు ఆ వేళలోపలనే గ్రుడ్డు పెట్టును. తొందరపడి తలుపు తీసితిమా, ఆనాటి గ్రుడ్డు ఏ అరటిబోదె క్రిందనో!

తాత్కాలికమైన దడిని జనులు లోకువగా చూతురు. కాని బాతు ఒకేచోట పదిదినములున్నచో నేల బురదయగును, వాసన పుట్టును. నాలుగుదినముల కొకమారు తడకలను పదడుగులు జరిపితినా, విడిచిన నేల ఎండి, రెట్ట ఎరువై, గడ్డి మరల మొలచును. నేలను బురదచేయు ఆ ముక్కు పనిలోను ఒక విద్య యున్నది. మా కవులు పాలనుండి నీటిని వేరుచేయు విద్యను హంసకు కట్టబెట్టి కూర్చుండిరి గాని, ముక్కు అంచున దువ్వెనపండ్లవంటివి పెట్టుకొని బురదనుండి పురుగును, నీటినుండి గింజను క్షణములో వేరుచేయు బాతును ఎవ్వరును మెచ్చుకొనలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేము తడకలను చాపలవలె చుట్టి వసారాలో పెట్టుకొంటిమి. తండ్రిగారి తూర్పుగోడ మూడుచోట్ల పడిపోయినది. జిల్లాల హద్దులనుగూడ 2022 ఏప్రిల్ 4న ప్రభుత్వమువారు తడకలవలె జరిపి, మమ్ము విశాఖపట్నము జిల్లానుండి అనకాపల్లి జిల్లాలోనికి మార్చిరి. అదివరకు మాతో ఒకే జిల్లాలో నున్న చింతపల్లి, లంబసింగి వేరొక దడిలో పడినవి.

మనుమరాలు చదువునకై వెళ్లిపోయినది. ఇప్పుడున్నవి ఆ ఆరింటి సంతతి. పొదుగుడుకోడి క్రింద పెట్టిన గ్రుడ్లలోనుండి వచ్చినవి; అది, తన పిల్లలకు పట్టు ఇరువదియొక్క దినములు గడచినను లేవక మరొక వారము ఓపికపట్టిన ఆ కోడి పుణ్యము. మొన్న తోటకూర కోత ముగిసిన సాయంకాలము పొరుగామె ఖాళీలో నిలుచుండి, ఉత్త మడి వైపు చూచి, “అన్నయ్యగారూ, ఈ వారం దడి మా వైపు వేయించండి, నేలకి కాస్త బలం వస్తుంది” అన్నది. తడకలు అయిదును నేనును ఆమె కుమారుడును మోసికొనిపోయితిమి. బాతులు మాత్రము దారి తెలిసినవానివలె, మాకంటె ముందే ఆ మడిలో నుండెను.